టెల్యురైడ్ రేడియో స్పాన్సర్లను వద్దనడమే సరైన పని

2025 జూలై 24న అధ్యక్షుడు సంతకం పెట్టిన ఒక చట్టంతో అమెరికాలో పబ్లిక్ రేడియోకి, టీవీకి కేంద్రం ఇచ్చే డబ్బు ఆగిపోయింది. రెండేళ్ళ కోసం అప్పటికే మంజూరు చేసిన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసేసుకున్నారు. ఆ డబ్బు పంచే సంస్థ కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్. 1967 చట్టం పుణ్యమా అని పుట్టిన ఆ సంస్థ, వారం తిరిగేసరికి, ఆగస్టు 1న, పనులు ముగించేస్తున్నామని ప్రకటించింది. పెద్ద నగరాల స్టేషన్లకు ఇది దెబ్బే, కానీ తట్టుకోగలరు. వాళ్ళకి లక్షల్లో శ్రోతలున్నారు, దాతలున్నారు. చిన్న ఊళ్ళ స్టేషన్ల సంగతి అలా కాదు. కొండల్లో, ఎడారుల్లో, దీవుల్లో నలుగురైదుగురు జీతగాళ్ళతో, మిగతా అంతా వాలంటీర్లతో నడిచే స్టేషన్లకు ఆ గ్రాంటే నడుములాంటిది.

ఆ రోజుల్లోనే డెన్వర్‌లో ఒక స్నేహితుడికీ నాకూ పెద్ద వాదన జరిగింది. అతను మార్కెటింగ్‌లో పనిచేస్తాడు. టెల్యురైడ్‌లోని కోటో రేడియో గురించి నేను బాధపడుతుంటే, "ఒరేయ్, స్పాన్సర్లు వద్దని ఇంకా ఆ పట్టుదల దేనికిరా వాళ్ళకి? ఊరి నిండా హోటళ్ళు, రియల్ ఎస్టేట్ ఆఫీసులు. గంటకోసారి ‘ఈ కార్యక్రమం ఫలానా వారి సహకారంతో’ అని ఒక్క ముక్క చదివితే ఏం పోతుంది? గవర్నమెంటు డబ్బు అక్కర్లేకుండానే గడిచిపోతుంది కదా" అన్నాడు. మాట తేలిగ్గా ఉంది, విన్నవాళ్ళు ఎవరైనా తల ఊపేలా కూడా ఉంది. ఆ రాత్రి వాదన సగంలో ఆగిపోయింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఆ ఒక్క ముక్క చదివితే చాలా పోతుందని నా గట్టి నమ్మకం.

కోటో గురించి తెలియని వాళ్ళకోసం కొంచెం చెప్పాలి. కొలరాడో నైరుతి మూలన, శాన్ వాన్ పర్వతాల్లో, 2,667 మీటర్ల ఎత్తున టెల్యురైడ్ అనే ఊరుంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నది 2,600 మంది చిల్లర. స్కీయింగ్‌కి, సంగీతోత్సవాలకి, సినిమా ఉత్సవానికి పేరుపడ్డ ఊరు. అక్కడ 1975 అక్టోబరు నుంచి కోటో ఎఫ్.ఎం. నడుస్తోంది. ఇది మన ఆకాశవాణిలా ప్రభుత్వానిది కాదు, మన ప్రైవేటు ఎఫ్.ఎం. ఛానళ్ళలా ప్రకటనల మీద బతికేదీ కాదు. శాన్ మిగెల్ ఎడ్యుకేషనల్ ఫండ్ అనే లాభాపేక్ష లేని సంస్థ పేరు మీద లైసెన్సు ఉంది. పాటలు వేసేవాళ్ళలో ఎక్కువమంది ఊళ్ళో వేరే పనులు చేసుకునే వాలంటీర్లు. ప్రకటనలు లేవు. అసలు విశేషం ఏమిటంటే, స్పాన్సర్ పేర్లు కూడా లేవు.

ప్రకటన వేరు, స్పాన్సర్ పేరు వేరు. నా వాదనంతా ఈ తేడా మీదే నిలబడుతుంది, అందుకే కాస్త విప్పి చెబుతాను. 1945లో ఎఫ్.ఎం. బ్యాండును పంచినప్పుడు 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న జాగాను వ్యాపారం కాని, విద్యా సంబంధమైన ప్రసారాలకు విడిగా ఉంచారు. కోటో వాడే 91.7 ఆ జాగాలోదే. అక్కడ సబ్బుల ప్రకటన వేయడానికి చట్టమే ఒప్పుకోదు. కానీ ఖర్చు భరించిన వాళ్ళ పేరు చెప్పడానికి మొదటినుంచీ వీలుంది. 1984లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ (రేడియో, టీవీ లైసెన్సులు ఇచ్చే కేంద్ర సంస్థ, అక్కడ ఎఫ్.సి.సి. అంటారు) ఆ వీలును ఇంకా వెడల్పు చేసింది. కంపెనీ నినాదం చెప్పొచ్చు, ఏం అమ్ముతారో చెప్పొచ్చు, ఎక్కడుంటారో చెప్పొచ్చు. "మా దగ్గరే కొనండి" అనకూడదు, ధర చెప్పకూడదు, అంతే. దేశంలో పబ్లిక్ రేడియో స్టేషన్లు దాదాపుగా అన్నీ ఈ తలుపులోంచి నడిచాయి. కోటో నడవలేదు. చట్టం ఇచ్చిన వెసులుబాటును కూడా వద్దనుకుని, శ్రోతల డబ్బుతో, ఊరి జాతరల డబ్బుతో, కొంత గ్రాంటుతో బండి లాగుతూ వచ్చింది.

ఎందుకు వద్దనుకుంది? దీనికి జవాబు ఆ ఊరి చరిత్రలో ఉంది.

టెల్యురైడ్ గనుల ఊరు. వెండి, బంగారం, ఆ తర్వాత సీసం, జింకు. ఆ గనుల కోసమే 1891లో దగ్గర్లోని ఏమ్స్ దగ్గర నీటితో కరెంటు పుట్టించి, ఏసీ విధానంలో నాలుగు కిలోమీటర్లు పైగా గోల్డ్ కింగ్ గనికి పంపారు. ఏసీ కరెంటును పరిశ్రమకు వాడటంలో ప్రపంచంలోనే తొలి ప్రయత్నాల్లో అదొకటి. ఊరికి డబ్బు వచ్చింది, డబ్బుతోపాటే డబ్బున్నవాడి మాట చెల్లడమూ వచ్చింది. 1901లో గని కార్మికులు సమ్మె చేశారు, 1903లో మళ్ళీ చేశారు. 1904 నాటికి నేషనల్ గార్డ్ సైనికులు ఊళ్ళో దిగారు, మార్షల్ లా పెట్టారు, యూనియన్ వాళ్ళను రైలెక్కించి ఊరు దాటించారు. జీతం ఇచ్చేవాడు ఒక్కడే అయిన ఊళ్ళో, ఆ ఒక్కడికి కోపం వస్తే ఏమవుతుందో టెల్యురైడ్‌కి చాలా ముందే తెలుసు.

గనులు నీరసించాయి. 1970 నాటికి ఊళ్ళో ఆరు వందల మంది కూడా లేరు. 1972 డిసెంబరులో స్కీ రిసార్టు తెరిచారు. జో జోలిన్ అనే కాలిఫోర్నియా వ్యాపారి అంతకు కొన్నేళ్ళ ముందే భూములు కొని దాన్ని కట్టాడు. మరో రెండేళ్ళకు, 1974లో, బ్లూగ్రాస్ సంగీతోత్సవం, ఫిల్మ్ ఫెస్టివల్ రెండూ మొదలయ్యాయి. ఆఖరి పెద్ద గని ఇడరాడో 1978లో మూతపడింది. అంటే కోటో పుట్టిన 1975లో ఊరు రెండు కాలాల మధ్య నిలబడి ఉంది. ఒక పక్క గని షిఫ్టు దిగి వచ్చే పాత కుటుంబాలు, ఇంకో పక్క తక్కువ అద్దెకు పాత ఇళ్ళు దొరుకుతాయని జుట్టు పెంచుకుని వచ్చిన కుర్రకారు. వీళ్ళకీ వాళ్ళకీ పడేది కాదు. ఈ రెండు వర్గాలూ ఒకేసారి వినగలిగిన చోటు అంటూ ఒకటి దొరికితే, అది పది వాట్ల ట్రాన్స్‌మిటర్ దగ్గర దొరికింది.

పది వాట్లంటే ఇంట్లో ఒక ఎల్ఈడీ బల్బు తాగే కరెంటు. దాంతో రేడియో స్టేషన్ నడుస్తుందా అంటే, ఆ లోయలో నడుస్తుంది. ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు చూపు మేరకే సాగుతాయి, కొండ అడ్డొస్తే అక్కడితో సరి. టెల్యురైడ్ మూడు పక్కలా నిటారు కొండలున్న లోయలో, లోయ ముగిసే చోట ఉంది. తూర్పు చివర బ్రైడల్ వీల్ జలపాతం, అక్కడితో దారి ఆగినట్టే. బయటి నగరాల ఎఫ్.ఎం. ఆ గోడలు దాటి రావడం కష్టం, లోపలి ఎఫ్.ఎం. బయటికి పోవడమూ కష్టం. ఊరి నైసర్గిక స్వరూపమే ఒక రకంగా స్టేషన్ సరిహద్దు గీసింది. తర్వాత్తర్వాత పవర్ పెరిగింది, కొండల అవతలికి చేరడానికి 89.3, 105.5 మీద కూడా ప్రసారాలు వచ్చాయి.

ఈ పది వాట్ల లైసెన్సుల కథలో నాకు ఇప్పటికీ మింగుడుపడని ఘట్టం ఒకటుంది. 1948లో ఎఫ్.సి.సి. ఇలాంటి బుల్లి స్టేషన్లకు దారి తెరిచింది. కాలేజీలు, చిన్న సంఘాలు తక్కువ ఖర్చుతో మొదలుపెట్టొచ్చని. 1978లో అదే ఎఫ్.సి.సి. మాట మార్చింది. పది వాట్ల వాళ్ళు వంద వాట్లకు పెంచుకోవాలి, లేదంటే పెద్ద స్టేషన్ ఏదైనా వచ్చి అదే ఫ్రీక్వెన్సీ అడిగితే తప్పుకోవాలి. ఇలా చేయమని అడిగింది ఎవరో వ్యాపార సంస్థ కాదు, కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగే. బలమైన ప్రాంతీయ స్టేషన్లు కావాలి, చిల్లర స్టేషన్లు అడ్డొస్తున్నాయి అన్నది వాళ్ళ ఆలోచన. ఎన్నో చిన్న స్టేషన్లు ఆ దెబ్బకు తట్టుకోలేక పోయాయి. తర్వాతి కాలంలో అదే సంస్థ కోటోలాంటి వాటికి గ్రాంట్లు ఇచ్చి ఎంతో మేలు చేసింది, ఆ మేలును నేను తక్కువ చేయను. కానీ చిన్న స్టేషన్ బతుకు పెద్దవాళ్ళ విధానం మీద ఆధారపడితే ఏమవుతుందో 1978లో ఒకసారి తెలిసింది, 2025లో ఇంకోసారి తెలిసింది.

ఇప్పుడు నా స్నేహితుడి ప్రశ్నకు వస్తాను.

పెద్ద నగరంలో రేడియో స్టేషన్‌కు రెండొందల మంది స్పాన్సర్లుంటారు. ఒక బ్యాంకుకు కోపం వచ్చి వెళ్ళిపోతే ఇంకో బ్యాంకు వస్తుంది. రెండువేల ఆరొందల మంది ఉన్న పర్యాటక ఊళ్ళో ఎవరుంటారు? కొండ మీద స్కీ కంపెనీ ఒకటి. భూములు, ఇళ్ళు అమ్మే ఆఫీసులు కొన్ని. హోటళ్ళు. ఉత్సవాలు నడిపే సంస్థలు. వీళ్ళు తప్ప చెప్పుకోదగ్గ డబ్బున్న స్పాన్సర్ లేడు. అలాంటి ఊళ్ళో వార్త అంటే ఏమిటి? స్కీ కంపెనీ జీతాలు, కొత్త హోటల్‌కు పర్మిషన్, పనివాళ్ళకు ఇళ్ళు కట్టే స్థలం, ఉత్సవాలకు ఎంతమందిని అనుమతించాలి, పార్కింగ్, నీళ్ళు. లెక్క చూడండి. ఎవరి గురించి వార్త చెప్పాలో వాళ్ళే స్పాన్సర్లు కాగలిగిన వాళ్ళు. వేరే మనుషులు లేరు. నగరంలో పనిచేసే సూత్రం ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం సిద్ధాంతం కాదు, జనాభా.

కోటోలో చిన్న న్యూస్‌రూమ్ ఉంది. టౌన్ కౌన్సిల్ మీటింగులకు, కౌంటీ (మన జిల్లాలాంటిది) కమిషనర్ల మీటింగులకు కూర్చుంటారు, తిరిగొచ్చి ఏం జరిగిందో చెబుతారు. ఎవరూ బెదిరించనక్కర్లేదు. ఫోన్ చేసి "ఆ వార్త ఆపండి" అనే మూర్ఖుడు అరుదు. జరిగేది అంతకన్నా మెత్తగా జరుగుతుంది. బడ్జెట్‌లో ఐదో వంతు ఒకే ఆఫీసు నుంచి వస్తోందని తెలిసిన మేనేజర్, ఆ ఆఫీసు వేసిన కొత్త ప్రాజెక్టు మీద ప్రశ్న రాసేటప్పుడు ఒక్క క్షణం పెన్ను ఆపుతాడు. ఆ క్షణం చాలు. ఏళ్ళ తరబడి అలాంటి క్షణాలు పోగైతే స్టేషన్ మిగులుతుంది గానీ, అది ఏ పని కోసం పుట్టిందో ఆ పని మిగలదు. నేను పనిచేసిన ఒక సంస్థలో పెద్ద కస్టమర్ ఒక్కడే ఉన్నప్పుడు మా మీటింగుల్లో మాటలు ఎలా మెత్తబడ్డాయో నాకు తెలుసు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కొన్ని విషయాలు ఎవరూ ఎత్తలేదు, అంతే.

ఇంకో కోణం కూడా ఉంది, నాకు అది ఇంకా ముఖ్యం. పర్యాటక ఊళ్ళో ప్రతిదీ వచ్చేవాడి వైపు తిరిగి ఉంటుంది. బోర్డులు వాడి కోసం, దుకాణాల వేళలు వాడి కోసం, అద్దెలు వాడు ఇవ్వగలిగిన ధరకు. స్పాన్సర్ డబ్బు వచ్చిందంటే రేడియో కూడా అటే తిరుగుతుంది, ఎందుకంటే స్పాన్సర్‌కు కావలసిన చెవులు అతిథులవి. అతిథుల కోసం రేడియో కావాలంటే అందుకు వేరే ఏర్పాటే ఉంది. 1977లో ఎఫ్.సి.సి. ప్రయాణికుల సమాచార స్టేషన్లని ఒక తరగతి పెట్టింది. ఏ.ఎం. బ్యాండులో, అదీ పది వాట్లే. నేషనల్ పార్కుల దారిలో "1610 పెట్టండి" అని బోర్డు కనిపిస్తుందే, అదే. పార్కింగ్ ఎక్కడ, ఏ రోడ్డు మూసేశారు, ఎలుగుబంట్లతో జాగ్రత్త, ఇవే మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. మంచిదే, నాకూ ఎన్నోసార్లు పనికొచ్చింది. కానీ అది ఊరి రేడియో కాదు. పది వాట్లు అక్కడా ఉన్నాయి, పది వాట్లు కోటోకీ ఉండేవి. తేడా ఎవరితో మాట్లాడుతున్నారన్న దగ్గర ఉంది.

కోటో ఎవరితో మాట్లాడుతుందో వినాలంటే సీజన్ కాని రోజుల్లో వెళ్ళాలి. ఒక నవంబరు సాయంత్రం రిడ్జ్‌వే నుంచి డాలస్ డివైడ్ కనుమ ఎక్కి దిగి, ప్లేసర్‌విల్ దగ్గర శాన్ మిగెల్ నది పక్కన మలుపు తిరిగాను. కారు రేడియో గరగరలాడుతోంది. ఒక మలుపులో పాట వస్తుంది, ఇంకో మలుపులో కొండ మింగేస్తుంది. సొసైటీ టర్న్ దగ్గరికి వచ్చేసరికి స్పష్టంగా తేలింది. పాట అయిపోయింది, తర్వాత కొన్ని సెకన్లు ఏమీ లేదు, కాగితాలు కదిలిన చప్పుడు. ఒకావిడ గొంతు. ఎవరివో తాళాలు దొరికాయి, గుత్తికి ఎర్ర తాడు ఉంది. ఎవరికో పొద్దున్నే మాంట్రోజ్ వెళ్ళాలి, హాస్పిటల్ అపాయింట్‌మెంటు, అటు వెళ్ళే కారుంటే చెప్పండి. టౌన్ మీటింగు వేళ మారింది. ఇదంతా చదివి, "సరే, ఎక్కడున్నాం" అంటూ రికార్డు మళ్ళీ పెట్టింది. ఆ అయిదు నిమిషాల్లో నాకు సంబంధించిన మాట ఒక్కటీ లేదు. నేను అతిథిని, నాకేమీ అమ్మడం లేదు. అంతకు ముందు ఎన్నిసార్లు వెళ్ళినా, ఆ ఊళ్ళో మనుషులు కాపురం ఉంటున్నారని నాకు అంత గట్టిగా తెలిసింది అప్పుడే.

మాంట్రోజ్ నుంచి టెల్యురైడ్‌కు వంద కిలోమీటర్లు పైనే. హోటల్ గదులు శుభ్రం చేసేవాళ్ళు, వంటవాళ్ళు, స్కూల్ టీచర్లు చాలామంది అంత దూరం నుంచో, నార్‌వుడ్ నుంచో, రికో నుంచో రోజూ వస్తారు, ఎందుకంటే ఊళ్ళో ఇల్లు కొనాలంటే మిలియన్లలో మాట. మంచు పడితే ఆ కనుమ దారులు ఎలా ఉంటాయో తోలినవాళ్ళకే తెలుసు. రోడ్డు మూసేస్తే ఆ వార్త హోటల్లో పడుకున్న అతిథికి ఒక రోజు ఆలస్యం, పనికి వచ్చినవాడికి రాత్రి ఎక్కడ ఉండాలన్న టెన్షన్.

"ఇప్పుడు ఫోన్లున్నాయి కదా, వాట్సాప్ గ్రూపు చాలదా" అనే వాళ్ళకు 2005 గుర్తు చేస్తాను. మిసిసిపీ తీరంలో బే సెయింట్ లూయిస్ అని సముద్రపు ఒడ్డున చిన్న విహార పట్టణం. అక్కడ డబ్ల్యూ.క్యూ.ఆర్.జెడ్. అనే వంద వాట్లకు మించని బుల్లి స్టేషన్ ఉండేది. ఇలాంటి తక్కువ పవర్ ఎఫ్.ఎం. లైసెన్సులను ఎఫ్.సి.సి. 2000లో మొదలుపెట్టింది. ఆ ఏడాది చివర్లోనే పెద్ద ప్రసార సంస్థల ఒత్తిడికి కాంగ్రెస్ వాటి రెక్కలు కత్తిరించింది, 2011లో గానీ మళ్ళీ సరిచేయలేదు. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను తీరాన్ని తుడిచేసింది. సెల్ టవర్లు పోయాయి, ల్యాండ్‌లైన్లు పోయాయి, అలబామాలోని మొబైల్ అనే నగరం నుంచి న్యూ ఆర్లియన్స్ దాకా రేడియో స్టేషన్లు కూడా దాదాపుగా అన్నీ మూగబోయాయి. గాల్లో మిగిలిన నాలుగింటిలో ఇదొకటి. హాంకాక్ కౌంటీ అధికారులు ఆ స్టేషన్ ద్వారానే జనానికి నీళ్ళు ఎక్కడ, తిండి ఎక్కడ, డాక్టర్ ఎక్కడ అని చెప్పారు. వాట్సాప్ గ్రూపుకు టవర్ కావాలి, టవర్‌కు కరెంటూ కేబులూ కావాలి. ఎఫ్.ఎం.కు ఒక జనరేటరు, ఒక కడ్డీ, వినేవాడి దగ్గర బ్యాటరీ రేడియో ఉంటే సరిపోతుంది. పైగా అందులో పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. నిన్న రాత్రే ఊళ్ళోకి వచ్చినవాడు కూడా వినొచ్చు.

నా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాచను. జపాన్ 1992లో కమ్యూనిటీ ఎఫ్.ఎం. పద్ధతి తెచ్చింది. మొదట్లో ఒక్క వాటుకే అనుమతి, 1995లో పది, 1999లో ఇరవై అయింది. ఆ పద్ధతిలో తొలి స్టేషన్ ఎఫ్.ఎం. ఇరుకా, 1992 డిసెంబరు 24న హకొదాతె నగరంలో మొదలైంది. నడిపేది ఎవరు? పర్యాటకులను కొండ మీదికి తీసుకెళ్ళే రోప్‌వే కంపెనీ. అంటే పర్యాటక వ్యాపారం చేతిలో ఉన్న స్టేషన్ కూడా ఊరి స్టేషన్‌గా ఉండగలదు. కాబట్టి డబ్బు ఎవరిదన్న ఒక్క ప్రశ్నతో అంతా తేలిపోదని ఒప్పుకుంటాను. కానీ హకొదాతె లక్షల జనాభా ఉన్న రేవు పట్టణం. చేపల వ్యాపారం ఉంది, ఓడరేవు ఉంది, ప్రకటనలిచ్చే దుకాణాలు వందల్లో ఉన్నాయి. రోప్‌వే అక్కడ ఒక కంపెనీ. టెల్యురైడ్‌లో కొండ అంటే ఊరే. ఈ తేడాను పక్కన పెట్టి ఒకచోటి పద్ధతిని ఇంకోచోట అతికించకూడదు.

మరి డబ్బు ఎలా? స్నేహితుడి రెండో ప్రశ్న ఇది. "అంత ధనవంతుల ఊరికి రేడియో పోషించడం ఒక లెక్కా" అన్నాడు. నిజమే, ఊరు తలచుకుంటే ఏం చేయగలదో 2007లో చూపించింది. ఊరికి అడుగుపెట్టే చోట ఉన్న దాదాపు 570 ఎకరాల పచ్చిక మైదానంలో కట్టడాలు రాకుండా కాపాడటానికి అయిదు కోట్ల డాలర్లు పోగుచేశారు. మరుసటి ఏడు కొలరాడో సుప్రీం కోర్టు కూడా ఊరి పక్షానే తీర్పు చెప్పింది. అలాంటి చోట ముగ్గురు పెద్దమనుషులు చెక్కు రాస్తే రేడియో ఏడాదంతా నడుస్తుంది. కానీ ముగ్గురి చెక్కుతో నడిచే రేడియోకూ ముగ్గురు స్పాన్సర్లతో నడిచే రేడియోకూ నాకు పెద్ద తేడా కనబడదు. ఏడాదిలో మూడు వారాలు వచ్చి పోయే ఇంటాయన మంచివాడే కావచ్చు, ఆయన చెక్కు మీద ఆధారపడటం మాత్రం మంచిది కాదు.

కోటో ఇన్నేళ్ళూ చేసింది వేరు. నవంబరులో స్కీ స్వాప్ పెడతారు. పాత స్కీలు, బూట్లు, కోట్లు తెచ్చి అమ్ముకుంటారు, అందులో కొంత స్టేషన్‌కు. కొత్తవి కొనలేని పనివాళ్ళ పిల్లలకు ఆ సీజన్‌కు సామాను దొరుకుతుంది. హాలోవీన్ సంబరం, లిప్ సింక్ పోటీ, ఉత్సవాల్లో బీరు స్టాళ్ళు. ఇక్కడ స్నేహితుడు నన్ను పట్టుకున్నాడు. "బీరు అమ్మింది ఎవరికి? అతిథులకే కదా! అది అతిథుల డబ్బు కాదా?" అతిథుల డబ్బే. నాకు దాంతో పేచీ లేదు. బీరు కొన్నవాడికి బీరు దక్కింది, అక్కడితో లెక్క సరి. రేడియోలో ఒక్క అక్షరం మీద కూడా వాడికి హక్కు రాలేదు. స్పాన్సర్ కొనేది రేడియోలో కొన్ని సెకన్లు. స్టేషన్‌కు గాలిలో ఉన్న సమయం తప్ప వేరే ఆస్తి లేదు. దాన్ని అమ్మకుండా మిగతా ఏది అమ్ముకున్నా నాకు సమ్మతమే.

శ్రోతలు నిజంగా డబ్బు పెడతారా అన్న అనుమానం ఉన్నవాళ్ళు మార్తాస్ వినియార్డ్ దీవిలో ఏం జరిగిందో చూడాలి. అది మసాచుసెట్స్ తీరంలో వేసవి విహారానికి పేరుపడ్డ దీవి. 1980ల మొదట్లోంచీ అక్కడ డబ్ల్యూ.ఎం.వి.వై. అనే స్టేషన్ 92.7 మీద నడిచేది. అది వ్యాపార స్టేషనే. 2012 చివర్లో యజమానులు ఆ ఫ్రీక్వెన్సీని బోస్టన్‌లోని ఒక పెద్ద పబ్లిక్ రేడియోకు అమ్మేశారు. స్టేషన్ వాళ్ళు శ్రోతలను అడిగారు: అరవై రోజుల్లో ఆరు లక్షల డాలర్లు వస్తే, ఫ్రీక్వెన్సీ లేకపోయినా ఇంటర్నెట్‌లో, వాణిజ్యేతర సంస్థగా బతుకుతాం. వచ్చాయి. 2014లో 88.7 మీద మళ్ళీ గాల్లోకి ఎక్కారు. అప్పటిదాకా ప్రకటనల మధ్య పాటలు విన్నవాళ్ళే, అడగ్గానే జేబులో చెయ్యి పెట్టారు. అయితే నన్ను బాధపెట్టే విషయం ఒకటి ఉంది. దీవి వాళ్ళకు ముప్ఫై ఏళ్ళు అలవాటైన ఫ్రీక్వెన్సీని తీసుకున్నది ఇంకో పబ్లిక్ రేడియోనే. పెద్ద పబ్లిక్ రేడియో ఉన్నంత మాత్రాన చిన్న ఊరి రేడియో క్షేమంగా ఉన్నట్టు కాదు.

అందుకే 2025 తర్వాత నాకు తోచిన దారి ఇది. ట్రాన్స్‌మిటరు, కొండ మీద రిపీటర్లు (ప్రసారాన్ని అందుకుని అవతలికి పంపే పరికరాలు), జనరేటరు, వీటి ఖర్చును కౌంటీ అత్యవసర సేవల బడ్జెట్ నుంచి అడగాలి. అగ్నిమాపక వాహనానికి ఎలా ఇస్తారో అలా, ఏళ్ళ తరబడి చెల్లే ఒప్పందంతో, ఏ వార్త వచ్చినా రాకపోయినా మారని మొత్తంతో. ఇది రాయితీ అడగడం కాదు, బే సెయింట్ లూయిస్‌లో ఆ పరికరం ఏం చేసిందో చూపించి అడగడం. మైకు దగ్గర కూర్చునేవాళ్ళ ఖర్చు, వార్తలు రాసేవాళ్ళ జీతం మాత్రం కౌంటీ నుంచి కూడా వద్దు, ఎందుకంటే వాళ్ళు వార్త రాసేది కౌంటీ మీదే. ఆ భాగం నెలకు అయిదు, పది డాలర్లు ఇచ్చే వందల మంది మీద ఉండాలి. కొలరాడో కొండల్లో ఇలాంటి స్టేషన్లు రాకీ మౌంటెన్ కమ్యూనిటీ రేడియో అనే కూటమిలో ఇప్పటికే వార్తలు పంచుకుంటున్నాయి, కోటో కూడా అందులో ఉంది. ఇంజనీరును, లాయరును, సర్వర్లను కూడా అలాగే పంచుకోవచ్చు. చిన్న స్టేషన్ల ఖర్చులో పెద్ద వాటా మింగేవి ఇలాంటివే.

ఇది కష్టం, స్పాన్సర్ పేరు చదవడం తేలిక. జీతాలు తగ్గొచ్చు, ఒకటి రెండు కార్యక్రమాలు పోవచ్చు. అయినా నేను ఇదే కోరుకుంటాను. కార్యక్రమం పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఒకసారి స్పాన్సర్లకు అలవాటు పడిన స్టేషన్ ఆ డబ్బును వదులుకుని వెనక్కి వచ్చిన ఉదాహరణ కోసం వెతికాను, నాకు కనబడలేదు.

చివరికి స్నేహితుడు వేసిన ప్రశ్న ఇంకోటి మిగిలింది: "నువ్వు ఆ ఊళ్ళో ఉండవు కదా, నెలనెలా నువ్వెందుకు కడుతున్నావు?" నేను వెళ్ళినప్పుడల్లా గొండోలా, అంటే తీగల మీద నడిచే కేబుల్ కారు, ఎక్కుతాను. 1996 నుంచి ఊరికీ కొండ మీది మౌంటెన్ విలేజ్ అనే పక్క ఊరికీ మధ్య నడిచే ఆ గొండోలాకు టికెట్ లేదు. మంచు తీసిన రోడ్డు మీద కారు నడుపుతాను. నేను పడుకునే గది ఎవరో తెల్లారకముందే కనుమ దాటి వచ్చి సర్దినది. ఆ మనిషి ఇంటికి వెళ్ళే దారి ఈ రాత్రి తెరిచి ఉందో లేదో చెప్పే రేడియోకు నెలకు పది డాలర్లు ఇవ్వడం, ఆ ఊరికి వచ్చే అతిథిగా నేను కట్టాల్సిన బిల్లులో భాగమే. వాళ్ళు గాలిలో నా పేరు చదవరు. నాకు కావలసిందీ అదే.